"హ్యాక్ చేశాను" అనడానికి తెలుగులో ఏ క్రియ వాడాలి?

మొదటి టపా (కర్నూలు)

మా కళాశాల పిల్లలు వార్షికోత్సవం కోసం ఒక నాటిక రాసుకున్నారు. అందులో కథానాయకుడు విలన్ స్థావరంలో కూర్చుని కీబోర్డు మీద పది సెకన్లు వేళ్లు ఆడించి, "సిస్టమ్ హ్యాక్ చేశాను, లోపలికి వచ్చేశాను" అంటాడు. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని కనుక ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికి తెచ్చారు.

కంప్యూటర్ సంగతి తరువాత. ముందు ఆ తెలుగే నాకు మింగుడుపడలేదు. "లోపలికి వచ్చేశాను" అన్నది డబ్బింగ్ సినిమాల వాక్యం. భోజనాల వేళకు చుట్టం గడప దాటినట్టుంది. అనుమతి లేకుండా వెళ్లినవాడు తెలుగులో దూరుతాడు, చొరబడతాడు, జొరబడతాడు. "వచ్చేశాను" అని చల్లగా చెప్పడు. ఇదే మాట పిల్లలతో అంటే, "అయితే హ్యాక్‌కు కూడా తెలుగు మాట మీరే చెప్పండి సార్, మార్చేస్తాం" అన్నారు.

నాకు తోచింది "కన్నం వేయడం". గోడకు దొంగ తవ్వే రంధ్రం కన్నం. "బ్యాంకుకు కన్నం" అని పత్రికలు ఇప్పటికీ శీర్షికలు పెడుతున్నాయి. మాట బతికే ఉంది, పని కూడా అదే. మీరేమంటారు? సంస్కృత సమాసాలు తయారుచేసి మాత్రం పంపకండి. బయటివారు కంప్యూటర్‌లోకి చొరబడకుండా ఆపే ఫైర్‌వాల్‌ను "అగ్నికుడ్యం" అన్నవారిని ఇప్పటికే చూశాను. అసలు ఆ మాట నిప్పుతో కట్టిన గోడ గురించి కాదు. పక్క గదిలోని మంట ఇటు పాకకుండా కట్టే గోడ అది. తెర మీద ఆ గోడ భగభగమండుతూ కనిపిస్తుందంటే, బొమ్మ గీసినవారికీ ఆ సంగతి తెలియదన్నమాట.

జవాబు (ఆదోని)

బస్సును బస్సు అంటున్నాం, ఫోనును ఫోను అంటున్నాం. హ్యాక్‌ను మాత్రం ఎందుకు తరుముతారు మాస్టారూ? నాటిక చూసేవారికి ఆ మాట తెలుసు. నాటకం బాగుంటే చాలు.

జవాబు (అనంతపురం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

కన్నం మంచి మాటే, కానీ పూర్తిగా అతకదు. మా అవ్వ చెప్పే దొంగల కథల్లో కన్నం వేయడం రాత్రంతా పట్టే పని. మట్టిగోడను నీళ్లతో నానబెట్టి, చప్పుడు కాకుండా గుప్పెడు గుప్పెడు తవ్వుతారు. ఓపిక దాని ప్రాణం. మీ కథానాయకుడికి ఉన్నది పది సెకన్లే.

మన సీమ మట్టి మిద్దెల్లో ఇంకొకటి ఉండేది, గవాచి. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ ఇల్లు కట్టినవారే పైకప్పులో వదిలే రంధ్రం. వాన వస్తే పైకి ఎక్కి మూత వేసేవారు. మరిచిపోతే వాన దిగుతుంది, ఒక్కోసారి దొంగ కూడా దిగుతాడు. కంప్యూటర్లలో జరిగేది చాలావరకు ఇదేనని నా మనవడు చెప్పాడు. ప్రోగ్రాం రాసినవారే తెలియక రంధ్రం వదులుతారు. తరువాత దానికి మూత పంపిస్తారు. ఆ మూతను మనం రేపు వేద్దాం, ఎల్లుండి వేద్దాం అని వదిలేస్తాం. కనుక దొంగ కొత్తగా తవ్వేది కన్నం, మనం మూయకుండా వదిలింది గవాచి. రెండింటినీ "హ్యాక్" అనే ఒకే సంచిలో వేస్తే తప్పు ఎవరిదో తెలియకుండా పోతుంది.

జవాబు (కడప, వకీలు)

చట్టం నుంచి ఒక ముక్క. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 66వ సెక్షన్ శీర్షికలోనే హ్యాకింగ్ అనే మాట ఉండేది. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చింది. దానితో ఆ శీర్షికలో మాట పోయి, "కంప్యూటర్ సంబంధిత నేరాలు" అని చేరింది. నేరమేమిటో విడివిడిగా చెప్పారు: అనుమతి లేకుండా ప్రవేశించడం, సమాచారం తీసుకోవడం, వైరస్ ఎక్కించడం, చెరిపేయడం. అంటే ఆ సెక్షనే వదిలేసిన మాటను మన నాటికలు పట్టుకుని వేలాడుతున్నాయి. ఆదోని మిత్రులు దీనికి ఏమంటారో?

జవాబు (కడప, ఎర్రముక్కపల్లె)

బ్రౌన్ గ్రంథాలయం పక్క వీధిలో ఉంటూ నిఘంటువు మాట ఎత్తకపోతే బాగుండదు. పైన చొరబడడం అనే మాట వచ్చింది. చొచ్చు, చొరు అంటే ప్రవేశించడం. అదే మూలం నుంచి వచ్చింది చొరవ. దానికి పాత అర్థం ప్రవేశమే. ఇప్పుడు "అమ్మాయి మంచి చొరవ చూపింది" అంటే మెచ్చుకోలు, "చొరబాటు" అంటే నేరం. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు సన్మానానికి, ఒకరు స్టేషనుకు వెళ్లారు.

హ్యాక్‌కూ ఇదే జాతకం. ఇంగ్లీషులో దాని పాత అర్థం గొడ్డలితో నరకడం. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల బొమ్మ రైళ్ల క్లబ్బు ఒకటి ఉంది. 1955 ఏప్రిల్ నాటి వారి సమావేశ వివరాల్లో ఈ మాట కనిపిస్తుంది. విద్యుత్ వ్యవస్థ మీద హ్యాక్ చేసేవారు ఫ్యూజు ఎగిరిపోకుండా కరెంటు ఆపి పనిచేయండి అని దాని సారాంశం. దొంగతనం ఊసే లేదు, చొరవగా చెయ్యిపెట్టి ఏదో ఒకటి చేసి చూడడమే. తరువాత ఆ మాటను చొరబాటు వైపు లాగడంలో పత్రికలకూ సినిమాలకూ పెద్ద వాటా ఉంది.

జవాబు (ప్రొద్దుటూరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

మాటల సంగతి పెద్దలు చూస్తున్నారు. నాకు తెర మీది పని గురించి చాలా కాలంగా ఒక ఉక్రోషం ఉంది, ఇక్కడ దింపుకుంటాను.

సినిమాల్లో నాలుగు అంకెల తాళాన్ని యంత్రం పెట్టి తెరుస్తారు. అంకెలు గిరగిరా తిరుగుతాయి. మొదట 7 ఆగుతుంది, టింగ్. తరువాత 3, టింగ్. ఇలా ఒక్కొక్కటే కుదురుతుంది. లెక్క చూడండి. నాలుగు అంకెలకు మొత్తం 10,000 అవకాశాలు. ఒక్కో అంకె సరైనదో కాదో తాళమే చెప్పేటట్టయితే 40 ప్రయత్నాలు మించవు. కానీ ఏ తాళం అలా చెప్తుంది? కంప్యూటర్ మొత్తం నాలుగూ కలిపి సరే అంటుంది, లేదా కాదంటుంది. మూడు సరిపోయి ఒకటి తప్పినా జవాబు ఒకటే, "తప్పు". పైగా ఏటీఎం కార్డుకు కొన్ని తప్పులు కాగానే అది మొరాయించి కూర్చుంటుంది. ఒక్కో చక్రం విడిగా చేతికి తగిలి "ఇదిగో, ఇక్కడ" అని చెప్పేది చవక సూట్‌కేసు తాళం మాత్రమే. ఆ దృశ్యాలు రాసినవారు కంప్యూటర్‌ను కాక సూట్‌కేసును చూసి రాశారని నా అనుమానం.

అన్నీ ఇలాంటివే కావు. 1983 నాటి "వార్‌గేమ్స్"లో కుర్రవాడు బడి కంప్యూటర్‌లోకి ఎలా వెళ్తాడంటే, కార్యాలయంలో కాగితం మీద రాసి పెట్టుకున్న పాస్‌వర్డ్ చూసి. నేటికీ ఏ కార్యాలయంలోనైనా మానిటర్ అంచున అతికించిన చీటీ చూడండి. అదే సినిమాలో వాడు కంప్యూటర్‌తో వరుసగా ఫోను నంబర్లు కలిపించి, అవతల ఎక్కడ ఇంకో కంప్యూటర్ పలుకుతుందో వెతుకుతాడు. ఆ పద్ధతికి తరువాత "వార్ డయలింగ్" అనే పేరు ఆ సినిమా నుంచే వచ్చింది.

జవాబు (కర్నూలు, మొదటి టపా రాసినవారు)

ప్రొద్దుటూరు మిత్రమా, మీ ఉక్రోషం నాకు అర్థమవుతుంది. మన జిల్లాల వారికి ఇది కొత్త అవమానం కాదు. సినిమాలో కర్నూలు అంటే కొండారెడ్డి బురుజు ముందు సుమోలు గాలిలోకి లేవాలి. నలభై ఏళ్లుగా ఆ బురుజు పక్కగా కూరగాయలకు వెళ్తున్నాను, ఒక్క సుమో కూడా లేవలేదు. మన ఊరినే అలా చూపినవారు మన కంప్యూటర్‌ను మాత్రం సరిగా చూపుతారా!

ఆదోని వారికి జవాబు. ఆ మాటను తరమాలని నాకు లేదు. కానీ పోయిన ఏడాది మా మేనత్తకు ఎవరో ఫోను చేశారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్నారు, ఖాతా ఆగిపోతుందన్నారు, ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు చెప్పమన్నారు. చెప్పింది. ఉల్లిగడ్డలు అమ్మిన డబ్బు పోయింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని మాకు తెలిసేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. ఇప్పటికీ ఆమె "నా ఫోను హ్యాక్ అయింది" అనే చెప్తుంది.

ఆ "అయింది" గమనించండి. గిన్నె పగిలింది, పాలు పొంగాయి, ఫోను హ్యాక్ అయింది. చేసినవాడు లేడు, చెప్పినవారు లేరు, పిడుగు పడినట్టు జరిగిపోయింది. సినిమాలు ఆ మాటకు ఒక మంత్రశక్తిని అంటగట్టాయి. ఎక్కడో చీకటి గదిలో పచ్చని అక్షరాల ముందు కూర్చున్నవాడు ఏదో చేస్తాడు, మనం ఆపలేం అని. జరిగింది మాత్రం మన భాషకు బాగా తెలిసిన పని. నమ్మించి తాళంచెవి అడిగి తీసుకున్నాడు, అంతే. బురిడీ కొట్టించాడు అంటాం, టోకరా వేశాడు అంటాం. వాటిలో దేనికీ "అయింది" అతకదు. "బురిడీ అయింది" అని ఎవరూ అనరు. బురిడీ అనాలంటే కొట్టించినవాడు ఒకడు ఉండాలి. అత్తకు ఈ మాట చెప్పలేదు, చెప్తే బాధపడుతుంది.

కనుక నా కన్నం నేనే వెనక్కి తీసుకుంటున్నాను. అనంతపురం మాస్టారి గవాచి నాకు బాగా నచ్చింది కానీ, నాటికలోని పిల్లల్లో మట్టి మిద్దె చూసినవారు ఇద్దరే ఉన్నారు. చివరికి కూర్చుని దృశ్యమే మార్చాం. కథానాయకుడు విలన్ గుమాస్తాకు ఫోను చేసి, "సార్ అడుగుతున్నారు, పాస్‌వర్డ్ మార్చాలట" అంటాడు. తరువాత స్నేహితుడు వచ్చి, "లోపలికి ఎలా దూరావురా?" అని అడుగుతాడు.

"దూరలేదు. అడిగాను, చెప్పారు."

ఆ వేషం వేసే అబ్బాయి అలిగాడు. దీనికి చప్పట్లు రావట. కీబోర్డు మీద పది సెకన్లు వేళ్లు ఆడించే ముక్క మాత్రం తీసేయవద్దని రెండు రోజులుగా బతిమాలుతున్నాడు. సరే, ఉంచాం.