పోర్టేజ్ లోయలో రెండు రాత్రులు గుడారంలో: అమ్మతో, పిల్లలతో సాధ్యమేనా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. జూలై మొదటి వారంలో మేము అలాస్కా వెళ్తున్నాం. మాతో తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ ఉంటారు. అమ్మకు 64 ఏళ్ళు. మోకాళ్ళు కొంచెం నొప్పి పెడతాయి కానీ రోజూ గంటసేపు నడుస్తుంది. హోటల్‌లో ఉండడం కన్నా హిమానీనదం దగ్గర అడవిలో పడుకోవాలన్నది ఆవిడ కోరికే. చుగాచ్ జాతీయ అటవీ ప్రాంతంలో, పోర్టేజ్ హిమానీనదానికి వెళ్ళే దారిలో ఉన్న బ్లాక్ బేర్ క్యాంప్‌గ్రౌండ్ నాకు నచ్చింది. అక్కడ గుడారాలకు పదమూడు చోట్లే ఉంటాయట, కరెంటు, స్నానాల గదులు ఉండవట. గుడారం నుంచి హిమానీనదం కనిపిస్తుందా? వయసు పైబడిన మనిషిని అక్కడికి తీసుకెళ్ళడం సబబేనా? వెళ్ళివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (యాంకరేజ్ నుంచి)

నమస్కారమండీ. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఆ లోయకు ప్రతి వేసవిలోనూ వెళ్తుంటాను. ముందుగా ఒక మాట చెప్పాలి. గుడారంలోంచి పోర్టేజ్ హిమానీనదం కనిపించదు. అక్కడి సందర్శకుల కేంద్రాన్ని 1986లో తెరిచినప్పుడు దాని కిటికీల్లోంచి సరస్సు అవతల మంచు గోడ కనిపించేది. ఇప్పుడు అది కొండ మలుపు వెనక్కి వెళ్ళిపోయింది. 1914 ప్రాంతంలో ఆ మంచు సరిగ్గా ఆ కేంద్రం ఉన్న చోటి దాకా ఉండేది, అది వెనక్కి జరుగుతూ తవ్విపోయిన గుంటే ఈనాటి సరస్సు. పిల్లలకు ఈ సంగతి అక్కడ నిలబడి చెప్పండి, నీళ్ళను వాళ్ళు వేరే కళ్ళతో చూస్తారు. పోర్టేజ్ మంచును దగ్గరగా చూడాలంటే సరస్సులో పడవ ఎక్కాలి, లేదా కొండ కింది సొరంగం దాటి అవతలి విటియర్ ఊరి వైపు నుంచి కొండ కనుమ ఎక్కాలి. అమ్మగారికి పడవే మేలు.

అడవి మాత్రం మీరు కోరుకున్నట్టే ఉంటుంది. స్ప్రూస్, ఆల్డర్ చెట్లు దట్టంగా ఉండి ఒక గుడారానికీ మరో గుడారానికీ మధ్య తెరలా నిలుస్తాయి. గుంట మరుగుదొడ్లు ఉంటాయి. ముందుగా బుక్ చేసుకునే పద్ధతి లేదు, ముందు వచ్చినవారిదే చోటు కనుక మీరు వారాంతంలో కాక సోమ, మంగళవారాల్లో మధ్యాహ్నానికల్లా చేరేలా చూసుకోండి. దొరకకపోతే అదే దారిలో కొద్ది దూరంలో విల్లివా క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అరవై చోట్ల పెద్దది, బుక్ చేసుకోవచ్చు. నా మాట వింటే ఒక రాత్రికి అక్కడ చోటు పట్టిపెట్టుకుని, రెండో రాత్రికి బ్లాక్ బేర్ ప్రయత్నించండి.

అసలు కష్టం చలి కాదు, వాన, గాలి. ప్రిన్స్ విలియం సౌండ్, టర్నగెయిన్ ఆర్మ్ అనే రెండు సముద్రపు పాయల మధ్య ఉన్న సన్నని సందు ఆ లోయ. అటు సముద్రపు గాలంతా ఆ సందులో ఇరుక్కుని వేగం పుంజుకుంటుంది. కొండకు అవతలనున్న విటియర్‌లో ఏడాదికి సుమారు 5 మీటర్ల వాన పడుతుంది, యాంకరేజ్‌లో 40 సెంటీమీటర్ల పైచిలుకే. ఇక్కడ ఎండగా ఉంది కదా అని బయల్దేరి అక్కడ తడిసి ముద్దయిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. పై కప్పు నేలదాకా దిగే గుడారం, పొడవాటి మేకులు, అదనపు తాళ్ళు తెచ్చుకోండి. అమ్మగారికి నేల మీద పరుపు కాక మడత మంచం ఏర్పాటు చేయండి, ఉదయం లేవడానికి మోకాళ్ళకు అదే ఆసరా.

రెండో జవాబు (సియాటిల్ నుంచి)

మా అత్తగారిని ఇలాగే తీసుకెళ్ళాం కనుక రాస్తున్నాను. ఆవిడకు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది వెలుతురు. జూలై మొదట్లో పొద్దు పదకొండున్నర ప్రాంతంలో గానీ కుంకదు, కుంకినా పూర్తిగా చీకటి పడదు. సాయంత్రం పూజ ఎప్పుడు చేయాలో తెలియక తికమకపడ్డ ఆవిడను మామగారు ఫోన్‌లో ఓదార్చాల్సి వచ్చింది. అందరికీ కంటి పట్టీలు తీసుకెళ్ళండి.

నడకకు బైరన్ హిమానీనదం దారి సరిపోతుంది. చాలావరకు చదునుగా ఉండి, వాగు పక్కనే సాగుతుంది. చివర్లో హిమపాతాలు జారి పేరుకున్న మంచు దిబ్బలు వేసవంతా కరగకుండా ఉంటాయి. వాటి అడుగున నీళ్ళు తొలిచిన గుహలు నీలంగా మెరుస్తూ పిల్లల్ని పిలుస్తాయి. దయచేసి ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వకండి, పై కప్పు ఎప్పుడు కూలుతుందో ఎవరూ చెప్పలేరు. మంచును దూరం నుంచి చూసినా తృప్తిగానే ఉంటుంది. మంచులో బతికే సన్నని నల్లటి పురుగుల్ని చూసి మా పిల్లలు అరగంట కదల్లేదు.

దారిలో టర్నగెయిన్ ఆర్మ్ ఒడ్డున ఆగినప్పుడు, నీరు తీసిన బురద నేల మీదికి పిల్లల్ని దిగనివ్వకండి. గట్టిగా కనిపించినా కాళ్ళను పట్టేస్తుంది, పోటు చాలా వేగంగా వస్తుంది.

మూడో జవాబు (యాంకరేజ్ నుంచే, మరొకరు)

తిండి గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. బ్లాక్ బేర్ అన్న పేరు ఊరికే పెట్టలేదు, నల్ల ఎలుగుబంట్లు నిజంగా తిరుగుతాయి. మన ఇళ్ళలో అమ్మలు ప్రయాణమంటే చేసే మొదటి పని ఆవకాయ జాడీ, నెయ్యి, చేగోడీలు సర్దడం. తేవద్దనడం లేదు, కానీ గుడారంలోకి ఒక్క పలుకు కూడా వెళ్ళకూడదు. తినే సరుకులు, సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె, అమ్మగారి జండూబామ్‌తో సహా వాసన వచ్చేవన్నీ రాత్రికి కారు డిక్కీలో పెట్టి తాళం వేయాలి. తాలింపు పెట్టినప్పుడు వేసుకున్న బట్టలతోనే పడుకోవద్దు, వేరే జత మార్చుకోవాలి. యాంకరేజ్‌లోనే పులిహోర కలుపుకుని వెళ్తే మొదటి రాత్రి పొయ్యి వెలిగించే పనే ఉండదు, అదీ వానలో పెద్ద వరం.

ఎలుగుబంటిపై చల్లే స్ప్రేను గానీ, పొయ్యి గ్యాస్ డబ్బాను గానీ విమానంలో ఏ పెట్టెలోనూ తేనివ్వరు. యాంకరేజ్‌లో కొనుక్కోండి. ఎదురుపడితే పరుగెత్తకూడదని పిల్లలకు ఇంటి దగ్గరే నేర్పండి. మాట్లాడుతూ మెల్లగా వెనక్కి తగ్గాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. గుడారం నుంచి మంచు కనిపించదన్నప్పుడు కాస్త నిరుత్సాహపడింది గానీ, వందేళ్ళ కిందట ఆ సరస్సంతా మంచే అన్న సంగతి విని వెళ్ళాల్సిందేనంది. విల్లివాలో ఒక రాత్రి బుక్ చేశాను. ఒక్క సందేహం మిగిలింది: రెండో రాత్రి వాన ఆగకపోతే ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి జవాబు రాసినవారు

గిర్డ్‌వుడ్ అనే ఊరు దగ్గర్లోనే ఉందండీ, అక్కడ గదులు దొరుకుతాయి; రద్దు చేసుకునే వీలున్న గదిని ఇప్పుడే పట్టిపెట్టండి. విటియర్ వైపు వెళ్తే మాత్రం సొరంగం వేళలు చూసుకోండి. నాలుగు కిలోమీటర్ల ఆ సొరంగంలో ఒకే వరుస ఉంటుంది, రైలు కూడా అదే దారిలో వస్తుంది కనుక కార్లను ఒకసారి ఇటు, ఒకసారి అటు వదులుతారు, రాత్రికి మూసేస్తారు. ఆఖరి వేళ తప్పితే పిల్లలతో అవతలే ఉండిపోవాల్సి వస్తుంది.