150 గజాల ఇంట్లో పాసేజీ ఉండాలా, హాల్లోకే తలుపులు పెట్టేయాలా?

కొత్తిల్లు_ఖమ్మం:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మంలో 150 గజాల స్థలం, 30×45, తూర్పు ఫేసింగ్. కింద రెండు బెడ్రూములు, హాలు, వంటగది, పూజగది. తర్వాత పైన ఇంకో పోర్షన్ వేద్దామని ఆలోచన. ఇంజినీరు ఇచ్చిన ప్లాన్‌లో హాలు నుంచి వెనక మాస్టర్ బెడ్రూమ్ దాకా పాసేజీ ఉంది. పొడవు 16 అడుగులు, వెడల్పు మూడున్నర. ఉత్తరం పక్క రెండో బెడ్రూమ్, దక్షిణం పక్క కామన్ బాత్రూమ్, దాని వెనకే ఎటాచ్డ్. మా తమ్ముడేమో "నడవడానికి ఇంత జాగా తగలేస్తారా, తలుపులన్నీ హాల్లోకే తిప్పు" అంటాడు. మా ఆవిడ పాసేజీ తీసేస్తే ఆ ఇంట్లోకే రానంటోంది. అమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులు. వచ్చేవారం మార్కింగ్. తేల్చి చెప్పండి.

లెక్కల_మాస్టారు:
మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్. 16ని 3.5తో గుణిస్తే 56 చదరపు అడుగులు. అదనంగా వచ్చే గోడ మందం కలిపితే 60 దాటుతుంది. అడుగుకి 2,000 చొప్పున వేసుకున్నా లక్షా ఇరవై వేల పైమాటే. ఆ జాగాలో కుర్చీ వెయ్యలేరు, మంచం వెయ్యలేరు. అదే హాల్లో కలిస్తే పండక్కి పదిమంది కూర్చుని భోంచేస్తారు. రెండు వేల గజాల్లో బంగళా కట్టేవాళ్లకి పాసేజీలు. మనకెందుకండీ?

గోదారి_కోడలు:
మాస్టారూ, స్నానం చేసి తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చే మనిషిని మీ లెక్కలో ఎక్కడ వేశారు? మేం అద్దెకున్న ఇంట్లో కామన్ బాత్రూమ్ తలుపు సరిగ్గా టీవీ పక్కన ఉండేది. మా మామగారి స్నేహితులు వచ్చి కూర్చుంటే లోపలే నిలబడి, వాళ్ల మాటలు ఆగేదాకా చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. ఇబ్బంది నా ఒక్కదానిదే కాదు. వచ్చిన చుట్టాలకీ అంతే, ఫ్లష్ నొక్కితే హాలంతా వినబడుతుంది. ఇంటికొచ్చిన పెద్దాయన ఆ భయానికి కాఫీ కూడా సగంలో ఆపేసేవారు. లక్షా ఇరవై వేలు ఎక్కువేం కాదు.

లెక్కల_మాస్టారు:
అమ్మా, అందుకే కదా ఎటాచ్డ్ బాత్రూమ్ కట్టించుకునేది. కామన్‌ది వాడేదెవరు?

గోదారి_కోడలు:
పిల్లలు, అత్తగారు, ఊరి నుంచి వచ్చినవాళ్లు, ఎటాచ్డ్‌లో ఆయన పేపరు పట్టుకుని కూర్చున్నప్పుడు నేను. ఇంకెవరు కావాలండీ?

తూర్పు_గుమ్మం:
వాస్తు మాట ఒకటి. బ్రహ్మస్థానంలో, అంటే ఇంటి నట్టనడుమ, బాత్రూమ్ రాకూడదు, స్తంభం రాకూడదు. పాసేజీ అక్కడి నుంచి వెళ్తే ఇబ్బంది లేదు, అది ఖాళీ జాగానే కాబట్టి. అంటే పాసేజీ ఉంటేనే మధ్యభాగం ఖాళీగా మిగులుతుంది. మొత్తం తలుపులు సరిసంఖ్యలో ఉండేట్టు, పదితోనో ఇరవైతోనో ఆగకుండా చూసుకోండి.

డల్లస్_బాబాయ్:
ఇక్కడ మా ఇళ్లల్లో పాసేజీ లేని ఇల్లు చూడలేదు. ఐఆర్‌సీ అనే ఇళ్ల కట్టుబడి కోడ్ ప్రకారం పాసేజీ వెడల్పు 3 అడుగులకి తగ్గకూడదు. పాసేజీలోనే దుప్పట్లు, తువ్వాళ్లు పెట్టుకునే అర ఉంటుంది. మనవాళ్లు ఇప్పటికైనా ప్రైవసీ నేర్చుకోవాలి.

పాతింటి_మరమ్మతు:
బాబాయ్ గారూ, మీ ఇంటికి సెంట్రల్ ఏసీ. కిటికీ లేకపోయినా గాలి ఆడుతుంది, దీపం ఎప్పుడూ వెలుగుతుంది. అదే ప్లాన్ తెచ్చి ఖమ్మం ఎండల్లో పెడితే, రెండు పక్కలా గోడలు, చివర మూసిన తలుపు. మధ్యాహ్నం పన్నెండుకి కూడా లైటెయ్యాలి, కరెంటు పోతే తడుముకోవాలి. నేను తెనాలి చుట్టుపక్కల పాత ఇళ్ల పనులు చేయిస్తుంటాను. మండువా లోగిలిలో గదుల మధ్య సందులుండవు. నాలుగు పక్కలా వసారా, అందులోంచే ఏ గదికైనా వెళ్తారు. నడిచే దారీ అదే, కూరగాయలు తరిగేదీ అక్కడే, మధ్యాహ్నం ఓ కునుకు తీసేదీ అక్కడే. వెలుగు మండువా నుంచి వస్తుంది. ఇప్పుడు మరమ్మతుల పేరుతో మండువాకి శ్లాబు వేసి, వసారాకి గోడ కట్టి పాసేజీ అంటున్నారు. చీకటి కొట్టు తయారవుతోంది. నా గొడవ పాసేజీతో కాదు, వెలుగు లేని పాసేజీతో.

ఇంకో మాట, ఇది పాతిల్లు మార్చేవాళ్లకి. దారి కోసం గోడకి కన్నం పెట్టేముందు అది బరువు మోసే గోడో కాదో చూసుకోండి. 9 అంగుళాలు, 14 అంగుళాలు ఉన్న పాత ఇటుక గోడ మీద పైకప్పు బరువుంటుంది. ముందు జాకీలు పెట్టి, దూలం వేశాకే కొట్టాలి. కాలమ్స్, బీములు ఉన్న ఇంట్లో నాలుగున్నర అంగుళాల గోడైతే అంత టెన్షన్ ఉండదు, అయినా ఇంజినీరు చూడాల్సిందే.

టీస్క్వేర్:
ఆర్కిటెక్చర్ చదివాను కాబట్టి ఒక ముక్క. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో రోజర్ ప్రాట్ కట్టిన కోల్స్‌హిల్ హౌస్‌లో ఇంటి నడిబొడ్డున పొడుగాటి పాసేజీ పెట్టాడు. ఉద్దేశం, పనివాళ్లు దొరల కంటపడకుండా అందులోంచి తిరగడం. అంతకుముందు పెద్ద ఇళ్లల్లో కూడా గదిలోంచి గదిలోకే వెళ్లేవారు. అంటే పాసేజీ అనేది ఎవరిని ఎవరి కంట పడకుండా దాచాలన్న ప్రశ్నకి జవాబు. మీ ఇంట్లో ఆ ప్రశ్న ఉందా లేదా చూసుకోండి.

లెక్కల_మాస్టారు:
ఖమ్మం నుంచి ఇంగ్లండుకి పోయాం, బాగుంది. మా చిన్నప్పటి ఇల్లు రైలుపెట్టె. ముందుగది, నడిమిగది, వంటిల్లు, పెరడు. తొమ్మిదిమందిమి పెరిగాం.

గోదారి_కోడలు:
ఆ నడిమిగదిలో పడుకున్నవాళ్లని అడగండి మాస్టారూ, తెల్లారుజామున ఎంతమంది తొక్కుకుంటూ వెళ్లేవారో.

టీస్క్వేర్:
ఇక ఖమ్మం గారి ప్లాన్. నా అభిప్రాయం ఇది: పాసేజీ తీసెయ్యొద్దు, కురచ చెయ్యండి. 16 అడుగుల్లో చివరి 7 అడుగులు మాస్టర్ బెడ్రూమ్‌లో కలిపి, తలుపు ముందుకి జరపండి. ఎటాచ్డ్ బాత్రూమ్ తలుపు ఆ 7 అడుగుల జాగాలోకి వస్తుంది, మంచం మీదకి తెరుచుకోదు. మిగిలిన 9 అడుగుల్లో మూడు తలుపులే: ఎడమ కామన్ బాత్రూమ్, కుడి రెండో బెడ్రూమ్, ఎదురుగా మాస్టర్. రెండు బాత్రూములకీ మధ్య గోడ ఒకటే కాబట్టి పైపులు దగ్గర దగ్గరే.

వెడల్పు మాత్రం 4 అడుగులు చెయ్యండి. కాగితం మీద మూడున్నర అంటే ఇటుక నుంచి ఇటుకకి. రెండు పక్కలా ప్లాస్టరింగుకి ఒక అంగుళం, గోడ అడుగున వేసే స్కర్టింగుకి ఇంకొంచెం పోతుంది. ఆరడుగుల మంచం తలవైపు చెక్క పాసేజీలోంచి పక్క గదిలోకి తిప్పి చూడండి, గోడ పెచ్చు లేవకుండా పోదు. బీరువా అయితే చెప్పక్కర్లేదు. 9ని 4తో గుణిస్తే 36, మాస్టారి లెక్కలోంచి 20 అడుగులు మిగిలాయి.

అమ్మగారి కోసం ఇంకొకటి. వీల్‌చైర్ అక్కడికక్కడే గుండ్రంగా తిరగాలంటే 1500 మిల్లీమీటర్లు, దాదాపు 5 అడుగులు కావాలి. 150 గజాల్లో అంత రాదు. కానీ 4 అడుగుల పాసేజీ ఉండి, బాత్రూమ్ తలుపు దగ్గర ఫ్రేము పోను 3 అడుగుల క్లియర్ ఉంటే లోపలికి తిరగ్గలదు. మామూలుగా మేస్త్రీలు బాత్రూమ్‌కి రెండున్నర తలుపు పెడతారు, ఫ్రేము పోతే రెండడుగులు మిగులుతుంది. దాంట్లో వాకర్ కూడా తిన్నగా దూరదు.

పాతింటి_మరమ్మతు:
టీస్క్వేర్ గారి మాటకి ఒప్పుకుంటా, కానీ వెలుగు? పైన పోర్షన్ వేస్తారట, కాబట్టి పైకప్పులో అద్దం కుదరదు. రెండో బెడ్రూమ్ తలుపు పైన వచ్చే దూలం, అదే లింటెల్, ఎత్తు పెంచి, కదలని గాజు పలక పెట్టించండి. ఉత్తరం కిటికీ వెలుగు అందులోంచి పాసేజీలోకి వస్తుంది. స్విచ్ రెండు చివర్లా టూ-వే, ఏ చివర నుంచైనా లైటు వేసి ఆపేట్టు. ఇది ఎలక్ట్రీషియన్‌కి వైరు పైపుల కోసం గోడలు కొట్టకముందే చెప్పాలి.

కొత్తిల్లు_ఖమ్మం:
పాసేజీ మీద 7 అడుగుల ఎత్తున అటక అనుకున్నాం. అమ్మ బొమ్మల కొలువు సామాను, పెళ్లిళ్లకి తీసే గుండిగలు, అన్నీ దాని మీదే. అటక వేస్తే ఆ గాజు పలకకి అడ్డం రాదా?

పాతింటి_మరమ్మతు:
వస్తుంది. మాస్టర్‌లో కలిపిన ఆ 7 అడుగుల మీద అటక వేసుకోండి, పాసేజీ మీద వద్దు.

లెక్కల_మాస్టారు:
అటక సంగతి ముందే చెప్పాల్సింది కదయ్యా. దాంతో లెక్క కొంత మారుతుంది. 36 అడుగులైతే నేను గొడవపడను. అయినా హాల్లోకి పెట్టడమే చవక, ఆ మాట మీద మాత్రం ఉంటాను.

గోదారి_కోడలు:
ఒక్కటి మర్చిపోయారు అందరూ. అమ్మగారి బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల జారి పడితే మనిషే తలుపుకి అడ్డం పడతారు, బయట నుంచి తొయ్యలేం.

టీస్క్వేర్:
నిజమే, కానీ 3 అడుగుల తలుపు 4 అడుగుల పాసేజీలోకి తెరుచుకుంటే దారి మూసుకుపోతుంది. ఎదురుగా బెడ్రూమ్‌లోంచి వచ్చే పిల్లాడి మొహానికి కొడుతుంది. పక్కకి జరిగే తలుపు పెట్టించి, బయట నుంచి కూడా తియ్యగలిగే గడియ వేయించండి.

గోదారి_కోడలు:
పక్కకి జరిగేవి మా ఇంట్లో ఉన్నాయి, పట్టాలో సబ్బు నురగ చేరి బిగుసుకుపోతాయి. డెబ్భై ఏళ్లావిడ లాగలేదు.

టీస్క్వేర్:
కింద పట్టా ఉండేది కాదండీ, పైనుంచి వేలాడేది. కింద చిన్న గైడు మాత్రమే ఉంటుంది.

కొత్తిల్లు_ఖమ్మం:
9 అడుగులు, 4 వెడల్పు ఖాయం చేశాను. తమ్ముడికి ఈ చర్చ మొత్తం పంపించాను, "ఆ మాస్టారు ఒక్కడే మనిషి" అన్నాడు. మా ఆవిడ గోదారి కోడలు గారికి థాంక్స్ చెప్పమంది. వేలాడే తలుపు మా ఊళ్లో ఎవరైనా వాడారా? వాడినవాళ్లు ఎంతయిందో, ఎలా ఉందో చెప్పండి. ఆర్డరిచ్చేముందు అమ్మ చేత లాగించి చూడాలి.