తిరుపతిలో మా నాన్నకు నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు ఎక్కడుంది?

తిరుపతివాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా ఇల్లు లీలామహల్ సర్కిల్‌కు దగ్గర. అమ్మ పోయాక నాన్న ఒక్కరే ఉంటున్నారు, వయసు 74. నాకు బెంగళూరులో ఉద్యోగం. రమ్మంటే రారు. పొద్దున లేవగానే కొండ కనపడాలంటారు.

మా వీధిలో పాత కాపురాలు దాదాపు లేవు. ఇళ్లు అమ్మేసి పోయారు, చాలావరకు లాడ్జిలు వచ్చాయి. యాత్రికులను తప్పుపట్టను, ఊరు బతికేదే వాళ్లతో. కానీ పక్కింట్లో రోజుకో కొత్త ముఖం ఉంటే ఆయన ఎవరితో మాట్లాడతారు? ఇదివరకు కపిలతీర్థం దాకా నడిచి వచ్చేవారు. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తయ్యాక చాలా బండ్లు పైనుంచే పోతున్నాయి, అది మేలే. అయినా మోకాళ్ల నొప్పితో కింద రోడ్డు దాటాలంటే ఆయనకు భయం.

ప్రకాశం పార్కులో పొద్దున పెద్దవాళ్లు కలిసి కూర్చుంటారా? ఎస్వీ యూనివర్సిటీ లోపల బయటివాళ్లను నడవనిస్తున్నారా? అన్నమాచార్య కళామందిరానికి సాయంత్రం కలిసి వెళ్లే పెద్దవాళ్లెవరైనా ఉంటే ఇంకా మంచిది, ఆయనకు కీర్తనలంటే ప్రాణం. ఆటోలో పోయి రాగలరు. మీ ఇంట్లో నాన్నగారో తాతగారో ఎక్కడికి వెళ్తున్నారో చెప్పినా చాలు.