ఏఎన్ఏ (సొంత కణ కేంద్రకాన్ని పట్టే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్, బ్లాట్ ఖాళీ: ఏ ప్రోటీన్ అయ్యుంటుంది?

గుంటూరు ల్యాబ్:
ఈ పరీక్షకి వాడే హెప్-2 కణాల మీద, సీరాన్ని 1:320 పలచన చేసినా స్పెకిల్డ్ (చుక్కల) ప్యాటర్న్ స్పష్టంగా ఉంది. తెలిసిన ప్రోటీన్లని గీతలుగా అతికించిన స్ట్రిప్, అంటే ఈఎన్ఏ లైన్ బ్లాట్‌లో ఒక్క గీతా రాలేదు. ఆ యాంటీబాడీ పట్టే ప్రోటీన్ (టార్గెట్) ఎలా కనుక్కోవాలండీ?

బెజవాడ బెంచ్:
ముందు డీఎఫ్ఎస్70 అనే కేంద్రక ప్రోటీన్ చూడండి. విభజనలో ఉన్న కణాల క్రోమోజోమ్‌లు కూడా చుక్కలుగా మెరుస్తుంటే అనుమానం దానిమీదే. ఆ గీత అన్ని స్ట్రిప్పుల్లో ఉండదు.

ప్రోటీన్ పిచ్చోడు:
అది కాకపోతే పగలగొట్టిన కణాల రసం (లైసేట్)‌తో ఇమ్యునోప్రెసిపిటేషన్, అంటే యాంటీబాడీతో దాని ప్రోటీన్ని బయటికి లాగడం. స్ట్రిప్ మీద ఆకారం చెడిన ప్రోటీన్‌ని కొన్ని యాంటీబాడీలు గుర్తుపట్టవు. యాంటీబాడీని పట్టే ప్రోటీన్-జీ బీడ్స్‌కి 10 మైక్రోలీటర్ల సీరం పట్టించి, కడిగి, డీఎంపీ (ప్రోటీన్లని ఒకదానికొకటి కట్టేసే రసాయనం)తో బిగించండి. లేకపోతే జెల్‌లో 50, 25 కిలోడాల్టన్ల దగ్గర యాంటీబాడీ గొలుసులే కమ్మేస్తాయి. ట్రిస్ బఫర్ మాత్రం వద్దు, డీఎంపీని అదే తినేస్తుంది; బోరేట్ వాడండి.

బెజవాడ బెంచ్:
ఆరోగ్యవంతుల సీరమూ పక్కనే నడపాలి. ప్రోటీన్ పేరు తేల్చే మాస్ స్పెక్‌లో కెరాటిన్, ట్యూబులిన్ పిలవకుండానే వస్తాయి. దొరికిన పేరుని ల్యాబ్‌లో తయారైన (రీకాంబినెంట్) ప్రోటీన్‌తో ఎలైజా (యాంటీబాడీ పట్టిందో లేదో రంగుతో చూపే పరీక్ష) చేసి చూశాకే నమ్మండి.