అప్‌డేట్: చెక్కముద్రల ప్రదర్శన పోస్టరుకు నోయ్‌లాండ్

మా చెక్కముద్రల (చెక్క మీద చెక్కి కాగితంపై అచ్చువేసిన బొమ్మల) ప్రదర్శన పోస్టరులో ఆంగ్ల శీర్షికకు నోయ్‌లాండ్ (Neuland) అనే మందపాటి అక్షరాల టైపు నప్పుతుందా అని ఇదివరకు మిమ్మల్ని అడిగాను. పోస్టరు అచ్చయింది, చక్కగా నప్పింది.

జర్మనీలోని ఆఫెన్‌బాఖ్‌లో అప్పట్లో ఉన్న క్లింగ్‌స్పోర్ ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు పోతపోసే సంస్థ) కోసం అక్షర రూపకర్త రుడాల్ఫ్ కోఖ్ 1923లో ఈ అక్షరాలను ముందుగా కాగితం మీద గీసుకోకుండా నేరుగా లోహపు పంచ్‌ల (అచ్చు అక్షరాల మూసలు తయారుచేసే కడ్డీల) మీదే చెక్కాడు కాబట్టి, అసలు లోహపు టైపులో సైజు మారితే అక్షరాల రూపం కూడా కొద్దిగా మారుతుంది. పనిముట్టు కోత కనిపించే ఆ మొరటు అందమే చెక్కముద్రల పక్కన నిండుగా నిలిచింది.

ఇందులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే ఉన్నాయి. పైగా మందం ఎక్కువ కావడంతో చిన్న సైజులో పంక్తి మొత్తం నల్లని పట్టీలా కనిపిస్తుంది. అందుకే దీన్ని శీర్షికకే పరిమితం చేసి, తేదీ, వేదిక వివరాలను మండలి అనే ఫాంటులో తెలుగులో ఇచ్చాను. కోణాల శీర్షిక కింద మన గుండ్రని అక్షరాలు ఎంత హాయిగా ఉన్నాయో!

ఆఫ్రికా, అడవి అనగానే ఆలోచించకుండా ఈ టైపునే అతికించే పాత అలవాటు గురించి నా ప్రశ్నకు జవాబుగా మీరు చేసిన హెచ్చరిక న్యాయమైనదే. కోఖ్ ఉద్దేశం అది కాదు. అందుకే పోస్టరులో ఆ ఛాయలు రానీయకుండా, తెల్లని ఖాళీని ఎక్కువగా వదిలి, ఒక్క నలుపు రంగుతోనే అచ్చు వేయించాను.