డిప్రెషన్ ఉన్న నాయిక: ప్రేమకథలో మందులు పనిచేసే కాలాన్ని ఎలా నడపాలి?

ప్రేమ నవలలు రాసేవాళ్లకీ, మానసిక వైద్యం తెలిసినవాళ్లకీ ఒక ప్రశ్న. నాయికకు డిప్రెషన్. హీరో రాగానే నాలుగు పేజీల్లో కోలుకుంటే అది అబద్ధం. "పెళ్లి చేస్తే అదే పోతుంది" అనే మాటకు అలాంటి కథలే బలమిస్తాయి.

అసలు లెక్క వేరు. మాత్రల గుణం తెలియడానికి 2 నుంచి 6 వారాలు పట్టొచ్చు. వికారం, నిద్ర తేడాలు మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి, అక్కడే చాలామంది మానేస్తారు. తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఏ మార్పూ కనిపించని ఆ తొలి వారాల్లో కథ చప్పబడకుండా ప్రేమను ఎలా నడపాలి? అతను ఆమెకు మందు కాకూడదు, ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చునే మనిషి కావాలి.

రెండోది, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అతను సూటిగా అడిగే సన్నివేశం. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. చెప్పుకునే దారి దొరుకుతుంది. పద్ధతి వివరాలు, చివరి ఉత్తరం, చావును త్యాగంగా చూపడం పూర్తిగా వదిలేస్తున్నాను. ఆమె ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడుతుంది. ఆ సేవ 2022 అక్టోబరులో మొదలైంది కాబట్టి కథాకాలం దాని తర్వాతే. ఆ సంభాషణ ఎంతవరకు చూపితే సహజంగా ఉంటుంది? పక్కనున్న అతనికి ఎంత వినిపించాలి?