అప్‌డేట్: నా గుర్రం తొందరపాటు థరోబ్రెడ్ రక్తం వల్లేనా?

నా వార్మ్‌బ్లడ్ (స్వారీ పోటీల కోసం పెంచే యూరప్ రకం) ఆడగుర్రం అడ్డంకి కనబడగానే ఉరుకుతోందని, తల్లివైపు తాత థరోబ్రెడ్ (పందేల జాతి గుర్రం) కావడమే కారణమా అని మూడు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. జీను సరిగ్గా అమరిందో లేదో చూపించమన్న వారికి మరీ ఎక్కువగా. ఎడమ భుజం వెనుక జీను నొక్కుతోందని తేలింది. మార్చిన రెండు వారాలకే ఆ ఉరుకు సగానికి సగం తగ్గింది. పాపం, నొప్పిని నేను పొగరనుకున్నాను.

మిగిలిన చురుకుదనం మాత్రం వంశానిదేనని నమ్ముతున్నాను. జర్మనీ వార్మ్‌బ్లడ్ రకమైన హోల్‌స్టైన్ గుర్రాల ఒళ్లును తేలికపరిచిన వాటిలో 1961లో పుట్టిన థరోబ్రెడ్ లేడీకిల్లర్ ఒకటి. పేరుమోసిన లాండ్‌గ్రాఫ్, లార్డ్ దాని కొడుకులే. జర్మన్ రౌతు ఇంగ్రిడ్ క్లిమ్కేతో 2008, 2012 ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో (డ్రెసాజ్ అనే క్రమబద్ధ స్వారీ, ఆరుబయట పరుగు, అడ్డంకులు దూకడం కలిసిన పోటీ) జట్టు స్వర్ణం గెలిచిన అబ్రాక్సస్ తండ్రి హెరాల్డిక్ కూడా థరోబ్రెడ్డే. పొడవైన అంగ, అలసిపోని ఊపిరి, కాలి చిన్న సైగకే స్పందించే గుణం అటునుంచి వచ్చేవే. కండరాల పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువులోని తేడాను బట్టి గుర్రం తక్కువ దూరపు పరుగుకు సరిపోతుందా, ఎక్కువ దూరానికా అన్నది కొంత అంచనా వేయవచ్చు. స్వభావం అలా ఒక్క జన్యువుతో తేలేది కాదు.

ఇప్పుడు కళ్లెం లాగడం మానేసి, అడ్డంకికి ముందు పెద్ద వలయాలు తిప్పుతున్నాను. నిన్న మొదటిసారి చెవులు ముందుకు పెట్టి, నింపాదిగా దూకింది.